వంకర దారి

“నీ ఉద్యోగం ఇవాళ్టితో సరి!” అన్నాడు ప్రొఫెసరు.

తోటమాలి తల దించుకున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఇంకో ఏడాది గడిస్తే పెన్షను.

పురస్కార కమిటీ పెద్దలిద్దరూ రాళ్లు పరిచిన దారి మధ్యలో ఇబ్బందిగా నిలబడ్డారు. వాళ్లు చూడ్డానికి వచ్చిన మట్టిదారి మాయమైంది. అది ఉండాల్సిన చోట జానెడు గడ్డి.

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో ప్రొఫెసరుది పెద్ద పేరు. ఆ సంగతి ఎక్కువసార్లు చెప్పింది ఆయనే. క్లాసుల బ్లాకు నుంచి లైబ్రరీకి తిన్నగా రాళ్ల దారి ఉంది, ఎనభై అడుగులు. దాన్ని వదిలేసి పిల్లలు ముళ్లపొదల వెనక నుంచి రెండు వందల అడుగులు చుట్టి పోయేవాళ్లు. తొక్కీ తొక్కీ అక్కడ మట్టిదారి పడింది. ఎందుకలా? ఆ ఒక్క ప్రశ్నలోంచే ఆయన రెండు పుస్తకాలు, పదకొండు పేపర్లు, మూడు ప్రమోషన్లు పిండుకున్నాడు. మనిషి పుట్టుకతోనే వంపును ప్రేమిస్తాడని తేల్చేశాడు. మూడు నెలలు ఊరూరా తిరిగి అదే ఊదరగొట్టి, నిన్ననే దిగాడు.

“గాలి కబుర్లు కాదండీ,” అన్నాడు కమిటీతో. “పదిహేనేళ్లు ఎండనక వాననక ఇదిగో, ఈ రాళ్ల మీదే నిలబడి లెక్క రాశాను. మొదట్లో రోజుకి అరవై మంది ఇటు వచ్చేవాళ్లు. ఒక్కొక్కణ్ణీ ఆపి మాట్లాడాను. ఏటేటా తగ్గిపోయారు. చివరికి సున్నా!”

పొద్దుటి నుంచీ ఆయన మాటలే వింటున్న పెద్దల్లో ఒకాయన ఆవులింత మింగాడు.

ప్రొఫెసరు మళ్లీ తోటమాలి మీద పడ్డాడు. “నా జీవితాన్నే పూడ్చేశావు కదరా! ఎవడు నాటమన్నాడు గడ్డి?”

“నేను చెయ్యి కూడా పెట్టలేదు సార్. దానంతటదే మొలిచింది.”

“దానంతటదే! నువ్వు నాకు పాఠం చెప్పొచ్చావా? కలుపు పీకడం తప్ప ఏం తెలుసురా నీకు?”

“అదొక్కటే తెలుసు సార్. తొక్కేవాళ్లు లేకపోతే గడ్డి ఆగదు.”

“లేకపోవడమేంటి? పిల్లలంతా గాల్లో ఎగిరిపోయారా లైబ్రరీకి?”

తోటమాలి ఏదో అనబోయి, పెన్షను గుర్తొచ్చి మానుకున్నాడు. ప్రొఫెసరు సంచీలోంచి కాగితం తీసి, అక్కడే మోకాలి మీద పెట్టుకుని, తోటమాలిని తీసేయమని ప్రిన్సిపాలుకి ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. వెధవల మధ్య బతకడం ఎంత కష్టమో రాస్తూ రాస్తూ కమిటీకి వినిపించాడు కూడా.

బెల్లు మోగింది. క్లాసులు వదిలారు. నలభై మంది పిల్లలు పుస్తకాలు పట్టుకుని, నవ్వుకుంటూ, రాళ్ల దారినే తిన్నగా వస్తున్నారు.

ప్రొఫెసరు సంతకం పెట్టి తలెత్తాడు.

ఆయన మొహం కనబడగానే నలభై మందీ ఉన్నచోటే ఆగి, చప్పుడు చేయకుండా ఒకరి వెనక ఒకరు గడ్డిలోకి దిగి, ముళ్లపొదల వెనక నుంచి చుట్టూ తిరిగి లైబ్రరీకి పోయారు.