సిపాయి వేషం

"రాజు పేరేందన్నారూ?" సబ్ ఇనస్పెక్టరు నరసింహారావు కుర్చీలో ముందుకు జరిగాడు.

"జార్జి అండీ," అన్నాడు మిషను బడి హెడ్మాస్టరు ప్రభాకరరావు, చేతులు కట్టుకుని.

"మన రాజుగారి పేరూ జార్జే!"

"వారు ఆరో జార్జి. నాటకంలో ఆయన మూడో జార్జి. ఎప్పటిదో పాత అమెరికా కథండీ."

"ఆయన మీద తిరగబడేది ఎవరు?"

"అమెరికా వాళ్లే. మా మిషను దొరగారి తాతముత్తాతలు. ఇప్పుడు యుద్ధంలో మన పక్షాన ఉన్నారు చూడండి, వాళ్లు."

నరసింహారావుకు తల తిరిగింది. నాటకం ఆపితే మిత్రరాజ్యాన్ని అవమానించినట్టు. ఆడనిస్తే గురజాల నడిబజారులో ఇంగ్లీషు రాజును తిట్టించినట్టు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అసలే నలభైరెండు, క్విట్ ఇండియా రోజులు. టెలిగ్రాఫు తీగలు తెంపి పారిపోయిన యేసుపాదం ఇంకా దొరకనే లేదు. వాడు ఈ బడి పంతులే. ఆరడుగుల మనిషి, ఖద్దరు బట్టలు, గుండెల దాకా గడ్డం అని పై నుంచి ఆనవాళ్లు వచ్చాయి. కొత్తగా బదిలీ అయి వచ్చిన నరసింహారావు వాణ్ని కంటితో చూసి ఎరగడు. నెలాఖరులోగా పట్టుకోకపోతే ఉద్యోగం ఊడుతుందని గుంటూరు నుంచి కబురు.

ఒక్క సంగతి మాత్రం ఊరంతటికీ తెలుసు. యేసుపాదానికి హెడ్మాస్టరు కూతురు రూతమ్మంటే ప్రాణం. నాటకంలో నాయిక రూతమ్మే. పిల్లను చూడ్డానికైనా వాడు రాకపోడు, వస్తే తిరిగి పోడు!

"కథ చెప్పండి," అన్నాడు నరసింహారావు మెత్తబడి.

"మేరీ అని ఒక పిల్లండీ. తండ్రి రాజభక్తుడు. ఒక తిరుగుబాటువాడు, ఒక రాజుగారి సిపాయి, ఇద్దరూ ఆ పిల్లను ప్రేమిస్తారు. చివరికి తిరుగుబాటువాడితో వెళ్లిపోతుంది."

"వీల్లేదు! సిపాయితోనే పోవాల. అట్లా మారిస్తేనే ఆడుకోండి."

"చిత్తం," అన్నాడు ప్రభాకరరావు. సర్కారు గ్రాంటుతో బడి నడిపే మనిషి, కాదనడం ఆయనకు చేతకాదు. ఇంట్లో కూతురు అన్నం మానేసి ఏడుస్తుంటే ఆమెనూ కాదనలేడు. పాపం, గోడ మీద పిల్లి. "ఒక్కటే చిక్కండీ. తిరుగుబాటు వేషానికి కాంపౌండరు కోటయ్య ఎగబడ్డాడు. సిపాయి వేషమే కుదరటంలా."

"గోనెగుడ్డలకు రంగేసి సర్కారును నవ్వులపాలు చెయ్యమాకండి. సిపాయి వేషం నేను పంపిస్తా."

అన్నట్టే తన రెండో యూనిఫాం ఇస్త్రీ చేయించి, బెల్టూ బూట్లతో సహా బడికి పంపాడు.

కిరసనాయిలు కరువు కాబట్టి నాటకం మధ్యాహ్నమే మొదలైంది. బడి నాలుగు వైపులా గుంటూరు నుంచి వచ్చిన కొత్త జవాన్లు కాపలా కాశారు. గడ్డమున్న ప్రతివాణ్నీ ఆపమని ఆర్డరు. మేకల షబ్బీరునూ, దారిన పోయే ఒక బైరాగినీ పట్టుకుని జామచెట్టు కింద కూర్చోబెట్టారు.

కోటయ్య గొంతు చించుకుని తిరగబడ్డాడు. ఎవరూ పట్టించుకోలేదు. తరువాత సిపాయి వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, కొలిచి కుట్టినట్టు ఒంటికి సరిపోయిన యూనిఫాం. ఊరంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. ఆ పైన చప్పట్లతో పైకప్పు ఎగిరిపోయింది. ముందు వరసలో ముసలి పోలమ్మ మెటికలు విరిచి, "నా నాయనే! దిష్టి తగుల్తది!" అంది.

నరసింహారావు ఛాతీ ఉప్పొంగింది. ఖాకీ బట్టకు పల్నాడులో ఇంత మర్యాద ఉందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"రాజుగారి ఉప్పు ఒక పక్క, నువ్వొక పక్క. నేను నీ పక్కే మేరీ!" అన్నాడు సిపాయి. రూతమ్మకు నిజంగానే కన్నీళ్లు కారాయి. చూస్తున్న నరసింహారావుకూ కారాయి. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్తుంటే జనం లేచి నిలబడ్డారు.

యేసుపాదం మాత్రం రాలేదు.

"పిరికిపంద! వాడి ప్రేమ అంతే," అన్నాడు నరసింహారావు.

"వాడి కంట పడకుండా పిల్లను సత్తెనపల్లిలో మా చెల్లెలు దేవమ్మ ఇంటికి పంపుదామనుకున్నానండీ," అన్నాడు ప్రభాకరరావు. "సాయంత్రం రైలుకు. తోడెవరూ లేరు."

"సిపాయి లేడా? ఏమయ్యా, నువ్వు పో. యూనిఫాం విప్పమాక, దారిలో మావాళ్లెవరూ ఆపరు."

స్టేషనుకు తనే వెళ్లి ఇద్దరినీ రైలెక్కించాడు. సిపాయి సెల్యూట్ కొడితే, మోచెయ్యి ఇంకాస్త పైకెత్తాలని నేర్పాడు. ప్రభాకరరావు ఇద్దరి తలల మీదా చేతులుంచి చాలాసేపు ప్రార్థన చేశాడు. సత్తెనపల్లి ప్రయాణానికి ఇంత ప్రార్థన దేనికని నరసింహారావు మనసులో నవ్వుకున్నాడు.

మర్నాడు ఆయన యూనిఫాం కోసం బడికి వచ్చేసరికి దేవమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"పిల్లను పంపుతానంటివి, రాలేదేంది అన్నా? స్టేషన్లో చానాసేపు చూశా."

నరసింహారావు ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "మేష్టారూ! ఆ సిపాయి ఎవరు? మీ బడి పంతులేగా?"

ప్రభాకరరావు నిదానంగా కళ్లజోడు తుడుచుకున్నాడు.

"సిపాయి వేషం తమరే పంపారు గదండీ!"