చేతికి ఆనని సరుకు

"లోపల ఏమన్న ఉన్నదా తమ్మీ, ఉత్త డబ్బా అంటగడుతున్నవా?"

ఆత్మారాం ఎస్‌ఎస్‌డీని అరచేతిలో పెట్టుకుని ఎగరేసి పట్టుకున్నాడు. కౌంటర్ అవతల దుకాణదారు నాగేందర్ గబుక్కున రెండు చేతులూ చాచాడు.

"కాకా, ఎగరేయకు! అండ్ల చిప్పులుంటయి. కంప్యూటర్ గేములు, ఫైళ్లు అన్నీ అండ్లనే దాచుకుంటరు. బరువెందుకుంటది?"

"బరువు లేనిదానికి గింత రేటా?"

పక్కనున్న కూతురు వినీత తల పట్టుకుంది. పొద్దున బోధన్‌లో బస్సెక్కి నిజామాబాద్ వచ్చిన దగ్గర్నుంచి ఇది మూడో దుకాణం. బాపును వెంటబెట్టుకుని ఎస్‌ఎస్‌డీ కొనడమంటే మాటలా! ఆయన పనిచేసేది బీడీల కమీషన్ దుకాణంలో. ఆడవాళ్లు చుట్టి తెచ్చిన కట్టను చేతిలోకి తీసుకోగానే తంబాకు తక్కువ పెట్టారో లేదో చెప్పేస్తాడు. చేతికి ఆనకపోతే ఆ కట్ట పక్కకు పోవలసిందే. ఎంత మొత్తుకున్నా వినడు. ఆ చెయ్యే ఇవాళ ఎస్‌ఎస్‌డీలను కూడా ఒక్కొక్కటే పక్కకు నెట్టేస్తోంది.

"పోనీ, గిది సూడు కాకా. ఇంకా జోరుగుంటది," అంటూ నాగేందర్ సన్నటి పట్టీ లాంటిదొకటి తీసి చూపించాడు.

"గిదేంది, చూయింగ్ గమ్మా? నవ్వులాటగున్నదా నీకు?"

"బాపూ, అది మన కంప్యూటర్‌కు పట్టది. మనది పాతది. మనకు మొదటిదే కావాలె," అంది వినీత.

"నువ్వాగు బిడ్డా. నీకు దునియా తెల్వదు."

వినీత దునియా వేరే ఉంది. ఆమె కంప్యూటర్‌లో గేమ్ తెరుచుకునేసరికి జట్టులో మిగతావాళ్లు సగం ఆట ఆడేస్తున్నారు. "ఆదివారం పోటీ లోపల డిస్కు మార్చకుంటే నీ జాగల ఇంకొకరిని తీస్కుంటం," అని స్నేహితురాలు ఆశా మొహం మీదే చెప్పేసింది. రేపట్నుంచి బాపుకు దుకాణంలో ఊపిరి సలపదు. ఇవాళ కొనకపోతే ఇక అంతే సంగతులు.

ఆత్మారాం లేచాడు. "పా బిడ్డా. తంబాకు లేని బీడీలు కొననీకి మనమేమన్న పిచ్చోళ్లమా?"

వినీత కళ్లలో నీళ్లు తిరిగాయి. నాగేందర్ ఆమె వంక ఒకసారి చూశాడు.

"ఆగు కాకా. లోపలొక మాల్ ఉన్నది. తెస్త."

"మరి ఇందాకటి సంది గీ ఉత్త డబ్బాలెందుకు సూపెట్టినవ్?"

నాగేందర్ కౌంటర్ మీదున్నవన్నీ ఊడ్చినట్టు తీసుకుని పరదా వెనక్కి పోయాడు. ఎంతకీ రాడు. "సూసినవా? అసలు మాల్ లోపల దాస్తరు. గట్టిగ అడిగేటోడికే బయటికి తీస్తరు," అని ఆత్మారాం కూతురికి పాఠం చెప్పాడు.

కాసేపటికి నాగేందర్ వచ్చి ఒక డబ్బా ఆయన చేతిలో పెట్టాడు. ఆత్మారాం మొహం విప్పారింది.

"హా! గిదీ మాల్ అంటే. రాయి బిల్లు!"

వినీత కూడా దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంత బరువా? దొంగ ఎస్‌ఎస్‌డీల గురించి ఆమె ఫోన్‌లో ఎన్ని వీడియోలు చూడలేదు! బరువు కోసం లోపల ఇనుప ముక్కలు అంటించి అమ్ముతారు. పైగా దీని అంచు దగ్గర స్టిక్కరు కాస్త లేచినట్టుంది.

"అన్నా, ఇది అసలుదేనా?" అని మెల్లగా అడిగింది.

నాగేందర్ ఆత్మారాం వైపు చూసి చూపు తిప్పేసుకున్నాడు. "ఇంటికి పోయినంక పెట్టుకో చెల్లె. ఏమన్నుంటే ఫోన్ చెయ్యి. నంబర్ బిల్లు మీద ఉన్నది."

ఇప్పుడు నోరు విప్పితే బాపు దుకాణం పీకి పందిరేస్తాడు, ఇక జన్మలో ఇంకోటి కొనడు. విప్పకపోతే ఆయన కష్టం దొంగ పాలవుతుంది. వినీత విప్పలేదు. ఆదివారం మీద ఆశతో బాపును ముంచుతున్నానే అని తనను తానే తిట్టుకుంది. బస్సులో ఆత్మారాం, పక్క సీటులో కూర్చున్న కోటగిరి ఊరి పెద్దమనిషి చేతిలో ఆ డబ్బా పెట్టి, "బరువు సూడు, బరువు సూడు," అని ఒకటే మురిసిపోయాడు. ఆ పెద్దమనిషి కూడా తూచి చూసి తల ఊపాడు.

ఇంటికి రాగానే వినీత గది తలుపేసుకుని డబ్బా విప్పింది. లోపల ఒక మూల చిన్న పచ్చటి చిప్పుల పలక. మిగిలిన జాగాలో గమ్ముతో అంటించిన ఇనుప ముక్క!

"దొంగ సచ్చినోడు!" అని ఏడుస్తూనే ఫోన్ చేసింది. "ఇనుప ముక్కలు పెట్టి అమ్ముతవా? మా బాపు ఉసురు తగలదా నీకు?"

"తిడుదువు గాని, ముందుగాల కంప్యూటర్‌ల పెట్టి సూడు చెల్లె. ఖరాబుంటే నీ పైసలు నీకే," అని నాగేందర్ ఫోన్ పెట్టేశాడు.

వినీత పళ్లు కొరుక్కుంటూ దాన్ని బిగించింది. తన దగ్గరున్న గేములన్నీ దానిలోకి ఎక్కించింది. దొంగదైతే సగంలోనే నిండిపోవాలి. నిండలేదు. అన్నిట్లోకి పెద్ద గేమ్ మీద నొక్కింది. మౌస్ మీద నుంచి వేలు తీసేలోపే తెరుచుకుంది. నమ్మలేక మూసి మళ్లీ తెరిచింది. అంతే జోరు.

"పెట్టినవా బిడ్డా? ఎట్లున్నది?" బయటి నుంచి ఆత్మారాం కేక.

"మస్తున్నది బాపూ!"

"మరి! చెయ్యెవరిది?"

వినీత గొంతు తగ్గించి మళ్లీ ఫోన్ చేసింది. "అన్నా, సరుకు అసలుదే. మరి ఆ ఇనుమెందుకు పెట్టినవ్?"

అవతల నాగేందర్ నవ్వాడు. "అది మీ బాపు ఉత్త డబ్బా అని వద్దన్నదే చెల్లె. సరుకు నీకు, ఇనుము బాపుకు!"