రెండో వాచ్‌మన్

"ఆ పాత రౌటరు తియ్యకయ్యా!" మెకానిక్ అర్ఫాత్ చేతికి రాఘవయ్య అడ్డుపడ్డారు. "దాని వేడికే మా ఇంట్లో పెరుగు తోడుకునేది."

నిజమే. ఫ్రిజ్ వెనక మిణుకుమంటున్న పాత రౌటరు మీద పెరుగు గిన్నె ఉంది. చలికాలమని ఆ రౌటరునీ గిన్నెనీ అక్కడ ఆయనే పెట్టారు. ముప్పై ఏళ్ల కాపురంలో వంటింటి సంగతి ఆయన పట్టించుకోవడం ఇదే మొదలని అరుణాదేవి మురిసిపోయింది కూడా.

కానీ మీగడ తినిపోతున్న పిల్లిని పట్టుకోవడానికి పెట్టించిన కెమెరా, శ్రీనగర్ కాలనీలో ఉన్న కూతురు రవళి ఫోన్లో కనిపించదాయె.

"గిదేనమ్మా లొల్లి," అన్నాడు అర్ఫాత్. "కొత్త రౌటర్ల పోర్టు, అంటే బయటి ఫోను లోపలికొచ్చే దారి, తెరిచిన. గది గేటుకాడి వాచ్‌మన్ లెక్క లోపలికి పంపుతుంది. కానీ కెమెరా వైరు గీ పాతదానికుంది, గిది మెట్లకాడ రెండో వాచ్‌మన్ లెక్క ఆపుతుంది."

"మరి నా పెరుగు?"

"ఫికర్ జెయ్యకుండ్రి సార్. కెమెరా వైరు కొత్తదానికి పెడ్త. పాతదానికి ఉత్త కరెంటుంటది. పెరుగు మస్తుగ తోడుకుంటది."

రాఘవయ్య మొహంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. "అమ్మా, వచ్చేసింది! నిన్నటి రికార్డింగు కూడా చూశాను," రవళికి నవ్వాగడం లేదు. "మన పిల్లి కళ్ళజోడు పెట్టుకుంది. డాక్టరు వద్దన్న మీగడని వేలితో నాకేస్తోంది."

అరుణాదేవి గిన్నెకేసి చూసింది, మొగుడి కళ్ళజోడుకేసి చూసింది. రిటైరయ్యాక ఆయన అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో నలభై అయిదు రోజులు కుర్రాళ్ల పక్కన కూర్చుని నెట్‌వర్కింగు ఎందుకు నేర్చుకున్నారో ఇప్పటికి అర్థమైంది.

"అర్ఫాత్ బాబూ," రాఘవయ్య గొణిగారు, "ఆ రెండో వాచ్‌మన్‌ని మళ్లీ డ్యూటీలో పెట్టొచ్చా?"