కరిస్తే రేటు వేరు

రోబో ఆయాల చేతుల్లో పెరిగిన పిల్లలకి, కొడితే ఎదుటివాళ్లకి నొప్పి పుడుతుందని తెలీదు. నేను మా ఇంట్లో పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టిన రోజే మూడేళ్ల రుద్రాంశ్ స్టీలు గ్లాసుతో నా నుదురు పగలగొట్టాడు. రక్తం కారుతుంటే గ్లాసు మళ్లీ ఎత్తాడు.

సాయంత్రం వాళ్లమ్మ రాగానే నుదుటి మీది కట్టు చూపించి కొత్త రేట్లు చెప్పాను.

"రోజుకి ఎనిమిది వందలండీ. కరిస్తే రెండొందలు, రక్తం వస్తే ఐదొందలు అదనం."

ఆమె బేరమాడలేదు. చున్నీ పక్కకి తీసింది. మెడ నిండా పంటిగాట్లు.

"వాడెంత కొట్టినా మా రోబో నవ్వుతూనే ఉంటుందండీ. వాణ్ణి ఒక్కసారి తిరిగి కొట్టడానికి ఎంత తీసుకుంటారు?"

కట్టు సర్దుకుందామని చెయ్యెత్తాను. రుద్రాంశ్ రెండు చేతులూ చెంపలకి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ దెబ్బ నేను పొద్దునే ఊరికే కొట్టేశాను.