కళ లేని పన్ను

“ఇది పన్నా, బాత్రూమ్ పలకా?”

పెద్ద డాక్టరు అరుపుకి, పైఅంతస్తు ల్యాబులో కట్టుడు పళ్ళు చేసే మేస్త్రి పరుగున కిందికి వచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి ఒక హోటల్ రిసెప్షనిస్టు ఉంది. పోయిన వారమే ఆమె ముందు పళ్ళలో ఒకదానికి జిర్కోనియా తొడుగు వేశారు. చేసింది మేస్త్రి, అమర్చింది డాక్టరుగారి కోడలు. కోడలు ఇవాళ సెలవు. అందుకే తిట్లన్నీ మేస్త్రి వాటాకి వచ్చాయి.

“ఆవిడేమంటున్నారో విను. పక్కపక్కనున్న రెండు పళ్ళలో ఒకటి వెలవెలబోతోందట!”

“కాస్త పాలిష్ పెడితే సరిపోతుందేమోనని...” అందామె.

“పాలిష్‌తో పోయే దరిద్రం కాదమ్మా ఇది. తీసి పారెయ్యాల్సిందే. నోరు తెరవండి, మత్తిస్తాను.”

“నన్నొకసారి చూడనివ్వండి సార్,” అన్నాడు మేస్త్రి. డాక్టరు వీపు అడ్డంగా ఉంది, ఏమీ కనబడడం లేదు.

“చూడ్డానికేముంది, సుద్దముక్క! దాని పక్కన దేవుడిచ్చిన పన్ను చూడు, ఎంత నిగనిగలాడుతోందో. అలాంటిది జన్మలో చెయ్యగలవా నువ్వు?”

“ఎక్స్‌రే తీద్దామా సార్?” అంది నర్సు.

“ముప్ఫై ఏళ్ళుగా నోళ్ళు చూస్తున్నాను. అసలేదో నకిలీ ఏదో చెప్పడానికి నాకు ఫొటోలు కావాలా?”

కేసు షీటు బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని తిరగెయ్యలేదు. కాగితాలు చదవడం కిందివాళ్ళ పని అని ఆయనగారి నమ్మకం.

“జిర్కోనియా అన్నావు, ఇరవై ఏళ్ళు చెక్కుచెదరదన్నావు, సొంత పన్నుకి తీసిపోదన్నావు. మా కోడలు చదువుకున్నదై ఉండీ నీ మాటలకి పడిపోయింది. ఈ తొడుగు బయటికి రాగానే నువ్వూ బయటికి పో.”

మేస్త్రి తన వయసు లెక్కేసుకున్నాడు. యాభై ఆరేళ్ళ వాణ్ణి ఇంకే ల్యాబులో చేర్చుకుంటారు?

డ్రిల్లు గీపెట్టింది. తెల్లటి పొడి నీళ్ళతో కలిసి ఆమె గడ్డం మీదికి కారింది.

“చూశావా, వెన్నలా తెగుతోంది! ఇదేనయ్యా నీ ఉక్కు తొడుగు?”

మేస్త్రి ఒక అడుగు ముందుకేశాడు. జిర్కోనియాని కొయ్యాలంటే డ్రిల్లు ముళ్ళు ఒకటి రెండు అరిగి మూలపడాలి. సరుకు అమ్మినవాడు నాసిరకం అంటగట్టాడా? ఆమె ముందూ డాక్టరు ముందూ తనని దొంగని చేశాడా?

“సార్, అది అలా తెగకూడదు. ఒక్క నిమిషం ఆపండి.”

“ఎందుకు, నీ బండారం బయటపడుతుందనా?”

కుర్చీలో ఆమె చెయ్యెత్తి ఏదో చెప్పబోయింది. నోటినిండా డాక్టరు వేళ్ళు. “ఊ ఊ” అని మాత్రం వినబడింది.

“కదలకండమ్మా, అయిపోవచ్చింది.” ఆయన ఇంకాస్త లోతుకి దించాడు. ఆ మొహంలో గెలుపు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మేస్త్రికి మాత్రం ఏడుపొచ్చింది.

ఉన్నట్టుండి డ్రిల్లు ఆగింది.

“సిస్టర్, దూది. చిగురు గీసుకున్నట్టుంది.”

నర్సు దూది అద్దింది. తీసింది. మళ్ళీ అద్దింది.

“చిగురు కాదు సార్,” అంది చిన్నగా. “పన్ను మధ్యలోంచి వస్తోంది.”

డాక్టరు డ్రిల్లు పక్కన పెట్టాడు. మేస్త్రి ఆయన భుజం మీదుగా ఆ నోట్లోకి తొంగిచూశాడు. ముందు హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డాడు.

“నేను చేసింది ఆ పక్క పన్ను సార్. నేను చేసినవాటికి రక్తం రాదు.”