ఎడమ సగం

"ఈ ఎడమ సగం చూశారా అమ్మా? ఒక్క గీత లేదు. ఇంత ఖాళీ వదలాలంటే గుండె ధైర్యం కావాలి" అన్నాడు బొమ్మల వ్యాపారి ఇనాబా, చిత్రకారుడు గెంజో వేసిన కొత్త చిత్రాన్ని గోడకు తగిలిస్తూ.

కుడి అంచున ఎర్రటి పండ్ల కొమ్మ, దానిమీద పిచ్చుక. మిగతా పట్టుగుడ్డంతా తెలుపు.

"పది రోజుల్లో మూడు వేశారు. మూడూ ఇలాగే. ఎగ్జిబిషన్‌లో జనం విరగబడతారు చూడండి."

తొమోయె వినడం లేదు. భోజనం ముందు కూర్చున్న భర్తనే చూస్తోంది. గెంజో కుడివైపున్న పులుసు తాగేశాడు. అలవాటుగా ఎడమవైపు పెట్టిన అన్నం గిన్నెను ఇవాళా ముట్టలేదు. తన మీద కోపమనుకుని ఆమె కూడా పది రోజులుగా పలకడం మానేసింది.

గోడమీది తెలుపు చూసింది. గిన్నెలోని తెలుపు చూసింది.

మెల్లగా అన్నం గిన్నెను అతని కుడివైపుకు జరిపింది.

"ఇన్నాళ్ళకు దయ కలిగిందా? ఇవాళైనా అన్నం పెట్టావు" అంటూ గెంజో ఆబగా తినసాగాడు.

ఇనాబా గోడమీది ఖాళీ సగం వైపు తిరిగి చూశాడు.

"ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి" అంది తొమోయె.

"తీసుకెళ్దాం అమ్మా" అతను గొంతు తగ్గించాడు. "ఎగ్జిబిషన్ వచ్చే నెలేగా. ఇంకో నాలుగు బొమ్మలు వెయ్యనివ్వండి."

ఆమె వెళ్ళి భర్తకు ఎడమ పక్కన, మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

గెంజో తినడం ఆపి తలెత్తాడు.

"ఇనాబా, మా ఆవిడేదయ్యా? అన్నం పెట్టి అప్పుడే ఎటు పోయింది?"