మెట్ల మీది డోలు

అట్ట పాస్ రెండు ముక్కలై చెత్తబుట్టలో పడింది.

ముసలాయన చంకలోని డోలును ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నాడు, అంతే.

"ఈ పూటకి ఎలాగూ లోపలికి తెచ్చేశారు. కాళ్ల దగ్గర పెట్టుకుని ఊరికే కూర్చోండి. వచ్చే మ్యాచ్ నుంచి డోలు గేటు దాటదు," అంది ఆమె.

రగ్బీ మైదానంలో అందరూ ఆమెను సందడి మేడమ్ అంటారు. చూడ్డానికొచ్చిన జనానికి హుషారు తెప్పించడం ఆమె ఉద్యోగం. చేరి పన్నెండు రోజులు.

"మైదానంలో ముప్పైమంది ఎముకలు విరగ్గొట్టుకుంటుంటే, పైన జనం పరామర్శకొచ్చినట్టు కూర్చుంటున్నారు. ఇవాళ సందడి కనబడాలి. లేదంటే నీ దారి నువ్వు చూసుకో," అన్నాడు పొద్దున క్లబ్బు కార్యదర్శి.

అందుకే కొత్త స్పీకర్లు, కొత్త పాటలు, రంగుపొగలు. ఆట అయ్యాక ఈయన కొట్టే నీరసపు డోలు మాత్రం వద్దు. గడియారానికి జ్వరమొచ్చినట్టు ఢమ్... ఢమ్... అని. ఆ దెబ్బకే జనం ఆవలిస్తూ మెట్లు దిగి ఇళ్లకు పోతారట.

ముసలాయన గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆట మధ్యలో వాయించనమ్మా. అయిపోయాక ఒక్క పది నిమిషాలు."

"అసలు సందడి అప్పుడే కదా తాతగారూ! ముందుగా కిందికొచ్చిన వందమందికి ఆటగాళ్ల చొక్కాలు ఉచితం. మీ డోలు వింటూ ఎవరైనా పరిగెత్తగలరా?"

ఆయన ముఖం పాలిపోయింది.

"పరిగెత్తకూడదమ్మా," అన్నాడు.

చాదస్తం, అనుకుని ఆమె తలుపు వేసేసింది.

ఆట సగంలో ఫోన్ మోగింది. అమ్మ. కూతురి కొలువు చూస్తానని మోకాలి నొప్పితోనే, పసుపు శాలువా కప్పుకుని వచ్చి పై వరసలో కూర్చుంది.

"ఏమేవ్, ఇందులో బంతిని ముందుకు విసరకూడదటగా! ముందుకు పోవాలంటే వెనక్కి విసరాలట. అచ్చం మీ నాన్న సంసారం చేసినట్టే ఉంది."

"అమ్మా, ఆట అయ్యాక కదలకు. నేనొచ్చి దింపుతాను."

"నాకేం, కర్ర ఉంది. పక్కన డోలు పెద్దాయన ఉన్నాడు. పాపం, ఆట చూడ్డంలేదే. మెట్లకేసే చూస్తున్నాడు."

ఆఖరి ఈల మోగింది.

అద్దాలగదిలోంచి ఆమె మైకులో అరిచింది. "ముందొచ్చిన వందమందికి చొక్కాలు! పరుగో పరుగు!"

పై అంతస్తు మొత్తం ఒక్కసారిగా లేచింది. స్పీకర్లు హోరెత్తాయి. ఇదీ సందడంటే, అనుకుంది ఆమె.

అంతలోనే చూసింది. పైనుంచి దిగడానికి ఒకటే మెట్లదారి. మలుపు దగ్గర ముందున్నవాళ్లు ఆగిపోయారు. వెనకున్నవాళ్లు ఆగలేదు.

ఆ మలుపులో పసుపు శాలువా.

శాలువా కిందికి కుంగింది. మళ్లీ కనబడలేదు.

"ఆగండి! తోసుకోకండి! ఆగండి!"

ఆమె గొంతు విని జనం ఇంకా గట్టిగా కేకలేశారు. ఇదీ సందడిలో భాగమే అనుకున్నారు.

"పాట ఆపవయ్యా!"

పాటలవాడు తీగలు పీకేశాడు. పాట ఆగాక అసలు చప్పుడు వినబడింది. ఏడుపులు. ఇనుప కడ్డీలు కిర్రుమనడం.

ఆమె నోట "అమ్మా" అన్న మాట పసిపిల్ల గొంతులా బయటికొచ్చింది.

ఢమ్.

ఎక్కడినుంచో.

ఢమ్.

మనుషులు విన్నారో లేదో గాని, కాళ్లు విన్నాయి. ఏళ్ల తరబడి ఆ దెబ్బకే దిగిన కాళ్లు. దెబ్బకొక అడుగు. దెబ్బకొక అడుగు. తోస్తున్న చేతులు జారాయి. మలుపు దగ్గర పిసరంత జాగా పుట్టింది, తర్వాత జానెడు.

ఆమె కిందికి పరిగెత్తేసరికి అమ్మ మెట్ల మొదట్లో నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. చేతిలో సగం కర్ర.

"ఏం కాలేదే, ఏడవకు. పడిపోయినదాన్ని లేపి, గోడకి ఆనించి, నాకు అడ్డంగా నిలబడి వాయించాడు ఆ పెద్దాయన. వీపు మీద ఎన్ని మోచేతులు పడ్డాయో! 'నా దెబ్బకొక అడుగు వెయ్యమ్మా' అన్నాడు."

"ఆయనేరీ?"

"మెట్లు ఖాళీ అయ్యేదాకా ఉన్నాడు. తర్వాత చూడలేదు."

మలుపు దగ్గర డోలు ఒక్కటే ఉంది. గడ్డి కోసే మనిషి తెగిన చెప్పులు ఏరుతున్నాడు.

"వెళ్లిపోయాడు మేడమ్. ఇక పాస్ లేదుగా. డోలు మీకిమ్మన్నాడు. ఆట అయ్యాక వాయించేవాళ్లు ఒకరుండాలన్నాడు."

"ఇల్లెక్కడ?"

"ఎవరికీ తెలీదు. నలభయ్యేళ్ల కిందట ఇవే మెట్ల మీద తొక్కిసలాటలో తొమ్మిదిమంది పోయారట. అందులో ఈయన భార్య ఒకావిడ. ఆ తర్వాతి మ్యాచ్ నుంచి డోలుతో వస్తున్నాడు."

"తొక్కిసలాట ఎందుకు జరిగింది?"

"నేనప్పటికి చేరలేదు. ముందొచ్చినవాళ్లకి బంతులిస్తామని ఎవడో మైకులో ఆశ పెట్టాడట."

పాస్ మీద చిరునామా ఉంటుందేమో!

గదికి పరిగెత్తి చెత్తబుట్ట బోర్లించింది. రెండు ముక్కలూ కలిపింది.

చిరునామా లేదు. వెలిసిపోయిన ఫొటోలో ఒక కుర్రాడు మైకు పట్టుకుని నవ్వుతున్నాడు. దాని కింద, ఇప్పుడు ఆమె మెడలో వేలాడుతున్న కార్డు మీదున్న ఉద్యోగమే రాసి ఉంది.